రెండో దయామణి

టైపు మిషన్లు పాత ఇనుముకి పోయాక
అదే గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టాను.
కింద ఎరువుల కొట్టు.
కిటికీలోంచి నరసాపురం కాలవ, కాలవ నిండా గుర్రపుడెక్క.
మూడింటికి యూరియా వాసనతో పాటు కరెంటు కోత.

సువార్త పంటు దాటి వస్తుంది, లంకలోంచి.
చెప్పుల్లో ఇసుక.
సంచీలో అన్నం డబ్బా, కొక్కెం సూది, సగం అల్లిన లేసు.
లేసు సొసైటీకి ఒక పేజీ చెయ్యాలట.
ఇరవయ్యారు మంది, ఇరవయ్యారు అల్లికలు,
ఒక్కోదాని కింద అల్లినామె పేరు.

ముందు చుక్క నేర్పాను.
చుక్క పెట్టి ఒక పేరు రాస్తే
ఆ పేరు తగిలించుకున్న అన్నిటికీ ఒకటే రంగు.
"బాతులోళ్ళు రెక్క మీద నీలం పూస్తారు, అలాగాండి?"
అలాగే.
కోసిన చేలో దిగిన మూడొందల బాతులూ ఒకటే మంద,
ఏది ఏదో ఎవరిక్కావాలి.

తర్వాత, మూడో అంకె నెత్తిన కూర్చునే
ఆ నాలుగు గీతల గుర్తు.
ముప్ఫై ఏళ్ళు టైపు నేర్పాను, దాంతో ఒక్కనాడూ పని పడలేదు.
నాకది తడికలా ఉంటుంది.
సువార్త "జాలీలో ఒక గడండి" అంది.

ఇది ఒక్కరికే, అన్నాను.
పేజీ మొత్తానికి ఆ పేరు ఒక్కచోటే.
వంద చుక్కలు కూడబలుక్కుని తెల్లగా ఉండమన్నా
గడి ఎర్రగా ఉండమంటే ఎరుపే.
అందుకే ఉప్పులా పొదుపుగా వాడు, ఎక్కువైతే తియ్యలేం.
ఆ మాట వినలేదు. ఎవరూ వినరు.

ఇరవయ్యారుకీ ఇరవయ్యారు గడులు రాసింది.
అందులో దయామణులు ఇద్దరు.
ఇద్దరికీ ఒకటే రాసింది.
చూశాను, ఊరుకున్నాను.
తప్పు తనంతట తను బయటపడితేనే గుర్తుంటుంది.

ఇద్దరి అంచులూ ఎర్రబడ్డాయి.
"పనిచేసిందండి మేష్టారూ!"
పైన వరసలో దయామణి పేరు నొక్కు, అన్నాను.
పేజీ జారి తొమ్మిదో లేసు దగ్గర ఆగింది.
ఇప్పుడు రెండో దయామణి.
మళ్ళీ తొమ్మిదో లేసే.
ఇంకోసారి.
తొమ్మిదే.
ఇరవై రెండోది ఎర్రంచు కట్టుకుని కిందెక్కడో ఉంది,
పిలుపు అందక.

సువార్త మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.
రేవు నుంచి పంటు ఇంజను చప్పుడు.

"గోదారి ఇంట్లోకొచ్చిన ఏడు
లిస్టులో మా అమ్మ పేరుందండి.
వేలెట్టి చూపించారు కూడాను.
డబ్బులు మాత్రం రేవు కాడ దయామణి గారికే
రెండు మాట్లు పడ్డాయి.
ఆవిడ మంచిదేనండి, తెచ్చిచ్చేసింది.
ఆరు నెల్లకి."

తర్వాత ఏమనుకుందో, పేరు చెరిపేసింది.
"నంబరే రాసేస్తానండి. అమ్మది రెండొందల పధ్నాలుగు."
రాసింది.
ఎర్రంచు పోయింది, మందలో తెలుపు వచ్చింది.
సెమికోలను చూసుకుంది, మీసాల బ్రాకెట్టు చూసుకుంది.
అన్నీ సరిగానే ఉన్నాయి.
"పలకట్లేదేంటండి?"

అంకెతో మొదలైతే పలకదు, అన్నాను.
ముందు అక్షరం ఉండాలి.
ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తున్న రూలే.
రాసి చెరపడం తప్ప
దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు నేను.

సువార్త కాసేపు తెర వంక చూసి
"మండలాఫీసులో ఈ రూలు లేదండి" అంది.
నవ్వబోయి ఆగాను.
ఆమె నవ్వట్లేదు.

"తెలుగులో రాయొచ్చాండి?"
రాయొచ్చు.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది,
గడి, గడి పక్కన దయామణి,
కింద గీత, ఆ గీత పక్కన తమ లంక పేరు.
నొక్కింది.
పేజీ తొమ్మిది దాటింది, పదిహేను దాటింది,
ఇరవై రెండు దగ్గర ఆగింది.
అంచున ఒక ఆకు కుట్టు తప్పిన అల్లిక.

పైకి వెళ్ళి మళ్ళీ నొక్కింది.
ఆఖరి పంటు హారను కొట్టింది.
వెళ్ళు, తప్పిపోతుంది, అన్నాను.
ఆయ్, వెళ్తానండి, అంటూనే
ఇంకోసారి.